చిన్న ఆట... పెద్ద పాఠం!

ముప్ఫైమంది పిల్లలు... ఒకే ఒక్క బంతి. అందులో పాతికమందికి అది అందనే అందదు. చివరికి ‘మీవాడికి ఆట రాదండీ’ అన్న మాట మాత్రం ఇంటికొస్తుంది. తప్పు పిల్లలదా? నేర్పే పద్ధతిదా? నలుగురూ నలుగురూ కలిసి ఆడే చిన్న ఆటల్లో దీనికి జవాబుందంటోంది ఇవాళ్టి ఫుట్‌బాల్ ప్రపంచం. విచిత్రమేమిటంటే, ఆ దారిలో మొదటి అడుగులు వేసినవాళ్లలో మన హైదరాబాద్ బడిపంతులు ఒకాయన ఉన్నాడు!

ఓ చిన్న లెక్క వేద్దాం. ఫుట్‌బాల్ మ్యాచ్ 90 నిమిషాలు. అందులో ఫౌల్స్‌కీ, త్రోలకీ, బంతి బయటికి పోయి రావడానికీ పట్టే సమయం తీసేస్తే నిజంగా ఆట నడిచేది గంటసేపు. మైదానంలో 22 మంది. గంటని వాళ్లకు సమానంగా పంచితే తలా మూడు నిమిషాలు కూడా రావు. అందులోనూ బంతి గాల్లోనో, ఇద్దరి మధ్యనో ఉండే క్షణాలే ఎక్కువ. అంటే ఎంత గొప్ప ఆటగాడైనా మ్యాచ్ మొత్తంలో బంతితో గడిపేది రెండు నిమిషాలో, మూడు నిమిషాలో! మిగిలిన సమయమంతా బంతి లేకుండానే ఆడాలి. ఎక్కడ నిలబడాలి, ఎవరిని కనిపెట్టాలి, ఎటు కదిలితే తోటివాడికి దారి దొరుకుతుంది... అసలు ఆటంతా అక్కడే ఉంది.

పెద్దవాళ్ల సంగతే ఇలా ఉంటే పదేళ్ల పిల్లాడి మాటేమిటి? వేసవి శిబిరాలకి వెళ్లి చూడండి. పిల్లలంతా వరసగా నిలబడతారు. ముందున్నవాడు ప్లాస్టిక్ కోన్‌ల మధ్యనుంచి బంతిని వంకరటింకరగా తీసుకెళ్లి, గోల్‌లోకి తన్ని, వచ్చి వరస చివర నిలబడతాడు. మళ్లీ వాడి వంతు వచ్చేసరికి ఐదు నిమిషాలు. ఆఖర్న ‘ఇక మ్యాచ్ ఆడండి’ అనగానే ఇరవైమందీ తేనెటీగల్లా బంతి చుట్టూ మూగుతారు. కాస్త పొడుగ్గా, బలంగా ఉన్న ఇద్దరు ముగ్గురికే బంతి దొరుకుతుంది. మిగతావాళ్లు పరిగెత్తి పరిగెత్తి అలిసిపోతారు. నెల తిరిగేసరికి వాళ్లలో సగంమంది మానేస్తారు. ‘మనవాడికి ఆటలంటే ఆసక్తి లేదు’ అనుకుంటారు ఇంట్లోవాళ్లు. ఆసక్తి లేక కాదు... బంతి లేక!

కోన్ అడ్డం రాదుగా!

ఈ వరస పద్ధతిలో ఇంకో చిక్కుంది. కోన్ కదలదు. కాలు అడ్డం పెట్టదు. ఎటు తిరగాలో కోచ్ ముందే చెప్పేస్తాడు. కాబట్టి ఆలోచించాల్సిన పనే లేదు. తీరా మ్యాచ్‌లో ఎదుటివాడు మీదికొచ్చేసరికి, కోన్‌ల మధ్య అంత బాగా ఆడిన పిల్లాడే బంతిని ఎటో తన్నేస్తాడు. వాడికి తన్నడం వచ్చు. ఎప్పుడు, ఎటు, ఎవరికి తన్నాలో రాదు.

ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ బంకర్, రాడ్ థోర్ప్ అనే ఇద్దరు వ్యాయామవిద్య నిపుణులు 1982లో సరిగ్గా ఈ సంగతే చెప్పారు. ముందు నైపుణ్యం, తర్వాత ఆట అన్న వరసను తిరగేయాలన్నది వాళ్ల వాదన. పిల్లల వయసుకు తగ్గట్టు ఆటను చిన్నది చేసి ముందు ఆడించాలి. ఆడుతుంటే ‘ఇక్కడ పాస్ ఇవ్వాలి, కానీ ఇవ్వలేకపోతున్నాను’ అని పిల్లాడికే తెలుస్తుంది. అప్పుడు నేర్పితే పాఠం ఒంటబడుతుంది. ఈత పుస్తకంలో చదివి రాదు, నీళ్లలో దిగాలి. అయితే మొదటిరోజే గోదావరిలోకి తోసేయకూడదు. మోకాల్లోతు నీళ్లు చాలు. చిన్న ఆటలు ఆ మోకాల్లోతు నీళ్లలాంటివి.

మైదానాన్ని కుదిస్తే ఏమవుతుందో చూడండి. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడే మైదానం మామూలుగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. 22 మందికి పంచితే ఒక్కొక్కరికి సుమారు 325 చదరపు మీటర్ల చోటు. అదే 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న జాగాలో నలుగురేసి ఆడితే తలా 75 చదరపు మీటర్లే. బంతి ఎప్పుడూ దగ్గర్లోనే తిరుగుతుంటుంది. దాక్కోవడానికి చోటుండదు. పక్కన కూర్చోబెట్టడానికి వీలుండదు. అందరూ ఆడాల్సిందే!

మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్ 2000ల తొలినాళ్లలో తొమ్మిదేళ్లలోపు పిల్లలతో ఈ పద్ధతిని పరీక్షించి చూసింది. ఎనిమిదేసిమంది ఆడే మ్యాచ్‌లతో పోలిస్తే నలుగురేసి ఆడినప్పుడు పాస్‌లు 135 శాతం, గోల్ ప్రయత్నాలు 260 శాతం ఎక్కువయ్యాయి. ఒకరితో ఒకరు తలపడే సందర్భాలు 225 శాతం పెరిగాయి. పిల్లలు వాళ్లే. బంతీ అదే. మారింది జట్టు సైజు ఒక్కటే.

రహీం సాబ్ షరతు

ఇప్పుడు మన హైదరాబాద్‌కి వద్దాం. ‘మైదాన్’ సినిమా (2024) చూసినవాళ్లకి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు పరిచయమే. 1909లో పుట్టిన రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టది. భారత జట్టు కోచ్‌గా ఆయన సాధించినవి ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం ఆ మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు.

ఈ విజయాల కథ చాలామందికి తెలుసు. ఆయన పిల్లలకీ, కుర్రాళ్లకీ ఆట నేర్పిన తీరు మాత్రం అంతగా తెలియదు. హైదరాబాద్‌లో ఆయన రెండు తమాషా పోటీలు పెట్టేవాడు. ఒకటి... డ్రిబ్లింగ్ నిషేధం! బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఎదుటివాళ్లను తప్పించుకుంటూ పోకూడదు. రాగానే పాస్ ఇచ్చేయాలి. రెండోది... వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటమున్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటమున్నవాడు కుడికాలితో.

చూడటానికి పిల్లల సరదాలా ఉంటుంది. కానీ ఒక్క షరతు ఎన్ని పాఠాలు చెబుతుందో గమనించండి. డ్రిబ్లింగ్ కుదరదు కాబట్టి బంతి రాకముందే ‘తర్వాత ఎవరికివ్వాలి’ అని చూసుకోవాలి. మిగతావాళ్లు బొమ్మల్లా నిలబడితే బంతి ఉన్నవాడు ఇరుక్కుపోతాడు. అందుకని అందరూ ఖాళీ వెతుక్కుంటూ కదలాలి. అటు డిఫెండర్‌కీ పాఠమే. ఎదుటివాడి కాళ్ల మీదికి దూకితే లాభం లేదు, బంతి అప్పటికే వెళ్లిపోతుంది. పాస్ వెళ్లే దారిని ముందే పసిగట్టి అడ్డుకోవాలి. ఇక రెండో కాలు సంగతి... ఒక్క కాలితోనే ఆడేవాడు ఎటు తిరుగుతాడో డిఫెండర్‌కి ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్లూ ఆడితే ఊహించడం కష్టం. కోచ్ అరిచి చెప్పాల్సిన నాలుగైదు సంగతుల్ని ఆట నియమమే చెప్పేస్తోందన్నమాట!

సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన కంటపడి ఎదిగినవాడే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన దేశం, నాలుగేళ్లకే ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరిందంటే దాని వెనక ఇలాంటి ఓపికైన పాఠాలున్నాయి.

మధ్యలో దొంగ

మన పిల్లలు ఆడే చాలా ఆటల్లో ఒక ‘దొంగ’ ఉంటాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు బంతిని ఒకరికొకరు విసురుకుంటుంటే మధ్యలో ఉన్న దొంగ దాన్ని అందుకోవాలి. అందుకుంటే, విసిరినవాడు దొంగ. చిన్నప్పుడు ఈ ఆట ఆడనివాళ్లుండరు. చేతులకు బదులు కాళ్లతో ఆడితే అదే ‘రాండో’! బ్రెజిల్‌వాళ్లు దీన్ని ‘బోబిన్యో’ అంటారు. అంటే తెలివితక్కువవాడని అర్థం. ఇటలీలో ‘తొరెల్లో’... చిన్న ఎద్దు. మధ్యలో ఉన్నవాడి అవస్థను బట్టి తలా ఒక పేరు పెట్టుకున్నారు.

స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్ ఈ ఆటను తన శిక్షణకు పునాదిగా చేసుకుంది. లౌరియానో రూయిజ్ అనే కోచ్ 1970ల్లో అక్కడి కుర్రజట్లకు దీన్ని అలవాటు చేశాడు. 1988 నుంచి 1996 దాకా కోచ్‌గా ఉన్న నెదర్లాండ్స్ దిగ్గజం యోహాన్ క్రైఫ్ పెద్దల జట్టుకీ ఇదే మంత్రం వేశాడు. 1979లో మొదలైన క్లబ్ శిక్షణాలయం ‘లా మసియా’లో పిల్లలు రోజూ రాండో ఆడుతూనే పెరిగారు. ఫలితం... 2010లో ప్రపంచ ఉత్తమ ఆటగాడి పురస్కారానికి తుది పోటీలో నిలిచిన ముగ్గురూ... మెస్సీ, ఇనియెస్టా, జావీ... ఆ బడి పిల్లలే! అదే ఏడాది ప్రపంచకప్ స్పెయిన్‌దయింది.

ఇందులో అంత మహత్తేముంది? ఐదుగురు చుట్టూ, ఇద్దరు మధ్యలో ఉన్నారనుకోండి. జాగా ఎనిమిది పది మీటర్ల దూరంలోనే అయిపోతుంది. బంతి మీదికొచ్చాక ఆలోచిద్దామంటే దొంగలు మీద పడతారు. కాబట్టి రాకముందే తల తిప్పి రెండువైపులా చూడాలి. బంతికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి నిలబడితే రెండు దారులు కనిపిస్తాయి. దగ్గరి కాలితో కాకుండా అవతలి కాలితో ఆపితే, ఆపడమూ తిరగడమూ ఒక్క కదలికలోనే అయిపోతాయి. ఇచ్చే పాస్ కూడా తోటివాడి ఏ కాలికి ఇవ్వాలో చూసి ఇవ్వాలి. దొంగ ఉన్న వైపు కాలికిస్తే వాణ్ని ఇరికించినట్టే. ఇంత సూక్ష్మం నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబితే ఎక్కదు. పది నిమిషాలు దొంగగా తిరిగితే ఎక్కుతుంది!

నలుగురెందుకు?

చిన్న ఆటల్లో ఎక్కువగా వినిపించే అంకె నాలుగు. దీనికో కారణముంది. బంతి ఉన్నవాడికి ముందొకడు, కుడివైపొకడు, ఎడమవైపొకడు ఉంటే అన్ని దిక్కులా దారి ఉన్నట్టే. ఉన్నవాడితో కలిపి నలుగురు. గాలిపటం ఆకారంలో నిలబడితే ఎక్కడ చూసినా త్రికోణాలే. పదకొండుమంది జట్టు ఆట కూడా నిజానికి ఈ చిన్నచిన్న త్రికోణాల అల్లికే. అందుకే నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ సంఘం 1980ల నుంచే నలుగురేసి ఆడే ఆటను పిల్లల శిక్షణలో ముఖ్యం చేసింది.

జర్మనీకి చెందిన హోర్స్ట్ వైన్ ఇంకొంచెం ముందుకెళ్లాడు. ఆయన మొదట హాకీ కోచ్. తర్వాత ఫుట్‌బాల్ పిల్లల కోసం ‘ఫునీనో’ అనే ఆట తయారుచేశాడు. జట్టుకు ముగ్గురే. గోల్‌పోస్టులు మాత్రం నాలుగు! ఒక్కో జట్టు రెండు గోల్స్‌ను కాపాడుకోవాలి, ఎదుటి రెండింట్లో దేంట్లోనైనా కొట్టొచ్చు. గోల్ కీపర్ ఉండడు. దూరం నుంచి తన్నేస్తే లెక్కలోకి రాదు, దగ్గరికెళ్లి కొట్టాలి. కుడివైపు గోల్ దగ్గర ముగ్గురూ మూగారా... ఎడమవైపు ఖాళీ! తలెత్తి చూసినవాడికి గోల్ దొరుకుతుంది, తల దించుకుని పరిగెత్తినవాడికి గోడ దొరుకుతుంది. ‘తలెత్తి ఆడరా’ అని కోచ్ వందసార్లు అరవక్కర్లేదు.

కాపు కాయడమూ కళే

గోల్ కొట్టినవాడికి చప్పట్లు. ఆపినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. అందుకే డిఫెన్స్ అంటే పిల్లలు మొహం ముడుచుకుంటారు. ‘ఆట సరిగా రానివాణ్ని వెనక నిలబెట్టు’ అన్న అలవాటు మన బడి జట్లలో ఇంకా పోలేదు. చిన్న ఆటల్లో ఈ తేడా చెల్లదు. నలుగురిలో వెనకవాడు, ముందువాడు అంటూ ఎవరూ ఉండరు. బంతి మనదైతే అందరూ దాడే, పోతే అందరూ కాపలాయే.

మొదటి పాఠం ఒకరికి ఒకరు. కొత్తగా ఆడే పిల్లాడు బంతి ఉన్నవాడి మీదికి ఎగిరి దూకుతాడు. వాడు కాస్త పక్కకు జరిగితే చాలు, ఇక మధ్యలో ఎవరూ లేరు. అందుకని దగ్గరికి వేగంగా వెళ్లి, రెండు మూడు అడుగుల దూరంలో నెమ్మదించాలి. మోకాళ్లు వంచి, ఒళ్లు కాస్త ఏటవాలుగా తిప్పి, వాణ్ని గీతవైపు నెట్టుకుంటూ పోవాలి. గీత మనకు మరో డిఫెండర్! బంతి వాడి కాలికి దూరమైన క్షణంలోనే కాలు పెట్టాలి. అప్పటిదాకా ఆపడమే పని. ఆలస్యం చేస్తే చాలు, మిగతావాళ్లు వచ్చేస్తారు.

రెండో పాఠం ఇద్దరికి ఇద్దరు. ఇది కబడ్డీ తెలిసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. కూతకొచ్చినవాడి మీదికి అందరూ ఒకేసారి పడితే సందు దొరికించుకుని పోతాడు. ఒకడు మడమ మీద కన్నేస్తే, రెండోవాడు పారిపోయే దారి కాస్తాడు. ఇక్కడా అంతే. ఒకడు బంతి ఉన్నవాడికి ఎదురెళ్తాడు, రెండోవాడు ఏటవాలుగా వెనక నిలబడి ఒక కన్ను వాడి మీద, ఒక కన్ను రెండో ప్రత్యర్థి మీద వేస్తాడు. పాస్ వెళ్లగానే ఇద్దరి పాత్రలూ తారుమారు. దీనికి నోరు కావాలి. ‘నేను వెళ్తున్నా’, ‘ఎడమకు తోలు’, ‘వెనక నేనున్నా’... మైదానంలో మాట్లాడని డిఫెండర్ సగం డిఫెండరే.

మూడోది ఒంటికి పట్టాల్సిన అలవాటు. బంతి పోగొట్టుకున్న పిల్లాడు సాధారణంగా తల పట్టుకుని ఆగిపోతాడు. పెద్ద మైదానంలో అయితే ఆ నాలుగు సెకన్లూ ఎవరూ గమనించరు. చిన్న ఆటలో ఆ నాలుగు సెకన్లలో గోల్ పడిపోతుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి తల పట్టుకునే బదులు కాళ్లకు పని చెబుతాడు.

జోకర్ వచ్చాడు!

పేకముక్కల్లో జోకర్ ఎవరితోనైనా కలుస్తాడు కదా! చిన్న ఆటల్లోనూ ఒక జోకర్ ఉంటాడు. బంతి ఏ జట్టు దగ్గరుంటే ఆ జట్టు మనిషి. దాంతో బంతి ఉన్నవాళ్లు ఎప్పుడూ ఒకరు ఎక్కువే. పాస్‌లు ఇవ్వడం సులువవుతుంది, పిల్లలకు ధైర్యమొస్తుంది. పాసింగ్ బాగా వచ్చాక జోకర్‌ను తీసేస్తారు.

కోచ్ నైపుణ్యం ఇలాంటి చిన్నచిన్న మార్పుల్లోనే తెలుస్తుంది. పాసింగ్ నేర్పాలా? గోల్‌కు ముందు ఐదు పాస్‌లు తప్పనిసరి చేయాలి. అంచుల నుంచి ఆడటం నేర్పాలా? జాగాను వెడల్పు చేయాలి. డిఫెన్స్ నేర్పాలా? సన్నగా, పొడవుగా చేయాలి. గెలిచే జట్టు మరీ బలంగా ఉందా? వాళ్లకు రెండు తాకుళ్లే అనాలి. ఉపన్యాసం అక్కర్లేదు. నియమం మారిస్తే పిల్లలే దారి వెతుక్కుంటారు. రహీం సాబ్ షరతుల్లోని కిటుకు ఇదే.

దేశాలే దారి మార్చుకున్నాయి

చిన్న ఆట కొత్తదేమీ కాదు. 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో హువాన్ కార్లోస్ సెరియాని అనే ఉపాధ్యాయుడు వైఎంసీఏ కుర్రాళ్ల కోసం ఐదుగురేసి ఆడే ‘ఫుట్‌సాల్’ను రూపొందించాడు. తక్కువగా ఎగిరే చిన్న బంతి, గట్టి నేల. పీలే, జీకో, రొనాల్డినో లాంటి బ్రెజిల్ మాంత్రికులు చిన్నప్పుడు ఇది ఆడినవాళ్లే.

అయితే ప్రభుత్వం బడి పుస్తకాలు మార్చినట్టు, దేశాల సంఘాలే పిల్లల ఆటను మార్చడం ఈ మధ్యే మొదలైంది. ఇంగ్లండ్ సంఘం 2012లో తీర్మానించి ఏడెనిమిదేళ్లలోపు పిల్లలకు ఐదుగురేసి, తొమ్మిది పదేళ్లలోపు వాళ్లకు ఏడుగురేసి, పదకొండు పన్నెండేళ్లలోపు వాళ్లకు తొమ్మిదిమందేసి ఆడే పద్ధతి తెచ్చింది. నాలుగుసార్లు ప్రపంచకప్ గెలిచిన జర్మనీ కూడా 2024-25 సీజన్ నుంచి చిన్నపిల్లలకు ఇద్దరు ముగ్గురేసి, చిన్నచిన్న గోల్స్‌తో ఆడే పద్ధతిని తప్పనిసరి చేసింది. ‘ఇలా అయితే గెలవాలన్న కసి పోతుంది’ అని అక్కడ పెద్ద గొడవే జరిగింది. సంఘం వెనక్కి తగ్గలేదు.

మన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కూడా 2018లో ‘గోల్డెన్ బేబీ లీగ్స్’ పేరుతో ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు చిన్న జట్ల పోటీలు మొదలుపెట్టింది. ఇక మన అనంతపురానికి స్పెయిన్‌తో ఉన్న బంధం తెలిసిందే. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ ఆర్‌డీటీ స్థాపించాడు. ఆ సంస్థ క్రీడాగ్రామంలో లా లిగా ఫౌండేషన్ తోడ్పాటుతో ఫుట్‌బాల్ అకాడమీ వచ్చింది. పల్లెల పిల్లలు స్పెయిన్ పద్ధతులు చూసే అవకాశం అలా కలిగింది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్లింది. బంతి అందితే మన పిల్లలు ఎంతదూరం వెళ్తారో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అన్నిటికీ ఇదే మందు కాదు

చిన్న ఆటలు నేర్పనివీ ఉన్నాయి. 40 మీటర్ల పొడవైన పాస్, గాల్లో వచ్చే బంతి, ఆఫ్‌సైడ్ గీతను నలుగురు కలిసి పట్టుకోవడం, సుదీర్ఘంగా పరిగెత్తే దమ్ము... ఇవి పెద్ద మైదానంలోనే వస్తాయి. గోల్ కీపర్లకు వేరే శిక్షణ కావాలి. అందుకే పదమూడు పద్నాలుగేళ్లు వచ్చేసరికి పదకొండుమంది ఆటలోకి తీసుకెళ్తారు. అప్పటికి కూడా చిన్న ఆటలు మానరు. పేరుమోసిన క్లబ్‌ల ఆటగాళ్లు ఇప్పటికీ రోజూ సాధన మొదలుపెట్టేది రాండోతోనే.

ఇంకో మాట. ఇరుకు జాగాలో ఆగడం, తిరగడం, పరిగెత్తడం ఎక్కువ. చిన్న ఆట కదా అని గంటసేపు ఏకబిగిన ఆడిస్తే పిల్లలు సొమ్మసిల్లిపోతారు. నాలుగైదు నిమిషాల ఆట, రెండు నిమిషాల విరామం... ఇదీ పద్ధతి. మన ఎండల్లో అయితే మరీనూ.

పెద్దవాళ్లకూ ఓ పరీక్ష ఉంది. అంచున నిలబడి ‘పాస్ ఇవ్వు... కొట్టు... పరిగెత్తు’ అని అమ్మానాన్నలూ, కోచ్‌లూ అరుస్తూనే ఉంటారు. పిల్లాడు ఆలోచించేలోపే జవాబు చెప్పేస్తే ఇక వాడు నేర్చుకునేదేముంది? చిన్న ఆటల్లో తప్పులు ఎక్కువే జరుగుతాయి. జరగాలి కూడా. తప్పు చేసిన అర నిమిషంలోనే సరిదిద్దుకునే అవకాశం మళ్లీ వస్తుంది కనుకే ఈ ఆటలు పాఠాలవుతున్నాయి.

ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖ... ఎక్కడ చూసినా గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌లు వెలిశాయి. రాత్రిళ్లు ఆఫీసులవాళ్లు ఐదుగురేసి ఆడుకుంటున్నారు. మైదానాలు కరువైన బస్తీ పిల్లలకు, ఊరి బడి పిల్లలకు అంత ఖర్చు కూడా అక్కర్లేదు. నాలుగు ఇటుకలు, ఒక బంతి, ఎనిమిదిమంది దోస్తులు చాలు.

ఈసారి మీ పిల్లాడో, పాపో ఆటకెళ్లి వచ్చినప్పుడు ‘గెలిచారా, ఓడారా’ అని అడగకండి. ‘ఇవాళ నీకు బంతి ఎన్నిసార్లు వచ్చింది’ అని అడగండి. లెక్కపెట్టలేనన్నిసార్లు అంటే, సరైనచోట నేర్పిస్తున్నట్టే!

*

మీ వీధిలోనే ఆడించండి

దొంగాట: ఎనిమిది పది మీటర్ల వెడల్పున్న వలయం. చుట్టూ నలుగురు లేదా ఐదుగురు, మధ్యలో ఒకరు. కాస్త చేయి తిరిగాక మధ్యలో ఇద్దర్ని పెట్టండి. వరసగా పది పాస్‌లు వెళ్తే చుట్టూ ఉన్నవాళ్లకు పాయింటు. బంతి దొరికితే ఇచ్చినవాడు దొంగ.

నాలుగు గోల్స్ ఆట: ముగ్గురేసి రెండు జట్లు. ఒక్కో అంచున రెండేసి చిన్న గోల్స్. ఇటుకలో, చెప్పులో పెడితే చాలు. రెండు గోల్స్ మధ్య వీలైనంత దూరం ఉంచండి. దగ్గరికెళ్లి కొట్టిన గోలే లెక్క.

గీత దాటాట: ఇద్దరికి ఇద్దరు. బంతితో ఎదుటి గీత దాటితే పాయింటు. తన్ని పంపితే చెల్లదు, కాలి కింద ఆపి దాటాలి. డిఫెన్స్ నేర్పడానికి ఇంతకంటే మంచి ఆట లేదు.

రహీం సాబ్ ఆట: నలుగురికి నలుగురు. ఐదు నిమిషాలు డ్రిబ్లింగ్ లేకుండా, ఐదు నిమిషాలు వాటం లేని కాలితో.

బంతి సైజు: ఎనిమిదేళ్లలోపు వాళ్లకు 3, ఎనిమిది నుంచి పన్నెండు వరకు 4, ఆపైన 5. చిన్న కాళ్లకు పెద్ద బంతి ఇస్తే సరిగా తన్నడం రాదు.

జాగ్రత్తలు: గాజు పెంకులు, రాళ్లు ఏరేయండి. వాహనాలు తిరిగే చోట వద్దు. ప్రతి విరామంలో నీళ్లు తాగించండి. ఐదు నిమిషాలకోసారి జట్లను కలగలిపేయండి... ఎప్పుడూ గెలిచేవాడూ, ఎప్పుడూ ఓడేవాడూ ఉండకూడదు.